సముద్రాల రాఘవాచార్యులు: చలనచిత్రమునందు ఇతివృత్తౌచిత్యము

లోకప్రసిద్ధమైన కథను గ్రహించి దానిని క్రొత్త రూపమున చెప్పదలచిన కవికి స్వేచ్ఛ ఎంతవరకు కలదు? ఈ ప్రశ్న చలనచిత్రములతో పుట్టినది కాదు. తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనాచార్యుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున దీనిని విచారించియే యున్నాడు. ఇతిహాసమునుండి వచ్చిన కథలో రసమునకు అనుకూలము గాని ఘట్టమున్నచో దానిని విడిచి, రసోచితమైన కథాంశమును నడుమ కల్పించుకొనవచ్చునని ఆయన మతము. పదవ శతాబ్దికి చెందిన ధనంజయుడు దశరూపకమున, నాయకునకుగాని రసమునకుగాని విరుద్ధమైన దానిని పరిత్యజింపవలెను, లేదా మార్చి కల్పింపవలెను అనెను. వ్యాఖ్యాత ధనికుడు వాలివధ నుదాహరించెను. మాయురాజు ఉదాత్తరాఘవమున చాటునుండి వాలిని చంపుట అను ఘట్టమునే విడిచిపెట్టెను. భవభూతి మహావీరచరితమున వాలి రావణునితోడి స్నేహముచే రాముని వధింపవచ్చి హతుడైనట్లు మార్చెను. శాకుంతలమున దుర్వాసశాపము సరేసరి. భారతకథలో లేని ఆ శాపమొక్కటి దుష్యంతుని కాపాడెను.

ఈ శాస్త్రమును పాఠముగా నేర్చినవారు తెలుగుదేశమున వందలకొలది కలరు. దానిని చలనచిత్రరంగమున, వెండితెర కొలతలకు తగినట్లుగా ఆచరించి చూపినవారు బహుకొద్దిమంది. వారిలో సముద్రాల రాఘవాచార్యులు అగ్రగణ్యులు. సినిమారచన పండితులకు తగని వృత్తి అను భావము బలముగా నున్న కాలమున ఆయన ఆ రంగమున ప్రవేశించి, మూడు దశాబ్దములు అందే జీవించిరి. ఆ భావము కొందరిలో నేటికిని సమసిపోలేదు. కనుకనే వారి కృషిని రసశాస్త్రదృష్టితో పరిశీలించుట అవసరము.

ఆచార్యులు 1902వ సంవత్సరము జూలై 19న గుంటూరు జిల్లా రేపల్లె తాలూకాలోని పెదపులివఱ్ఱు గ్రామమున శ్రీవైష్ణవ కుటుంబమున జన్మించిరి. ఆ గ్రామము నేడు బాపట్ల జిల్లాలో చేరియున్నది. సంస్కృతాంధ్రములను సంప్రదాయపద్ధతిలో అభ్యసించిరి. పద్యరచన బాల్యమునుండియే అలవడినది. ఇంటిలో వినబడు దివ్యప్రబంధము, ఊరిలో వినబడు భారత భాగవత పురాణము, ఈ రెండును వారి శబ్దసంస్కారమునకు పునాదులైనవి. పౌరాణికుడు కథ చెప్పు తీరును ఎరిగినవారికి ఆచార్యుల సంభాషణల నడక వెంటనే పరిచితముగా తోచును. పౌరాణికుడు శ్లోకమును చదివి ఆగును, అర్థము చెప్పును, మధ్యలో ఒక లోకోక్తిని విసరును, మరల కథలోనికి వచ్చును. వినువాని ముఖమును చూచుచు కథను పెంచుటయో కుదించుటయో చేయును. ఈ శ్రోతృదృష్టి పుస్తకములు వ్రాయు పండితులకు సామాన్యముగా అలవడదు.

గూడవల్లి రామబ్రహ్మము మద్రాసునుండి నడపిన ప్రజామిత్ర పత్రికలో పనిచేయుట ఆచార్యుల జీవితమున మలుపు. పత్రికారచన వారికి వాక్యలాఘవమును నేర్పినది. రామబ్రహ్మము చలనచిత్రములవైపు మరలగా ఆచార్యులకును ఆ ద్వారము తెరువబడెను. 1937లో వెలువడిన కనకతార వారి తొలి చిత్రము. దానికి మూలము చందాల కేశవదాసు నాటకము. అనగా చలనచిత్రరంగమున వారి మొదటి పనియే అనుసరణము. ఆనాటి చిత్రములు చాలవరకు రంగస్థలనాటకములకు ఛాయారూపములు. కెమెరా ఒకచోట నిలిచియుండెడిది, నటులు ప్రేక్షకులవైపు తిరిగి పద్యములను సాగదీసి పాడెడివారు. రచయిత పని నాటకమును కుదించుటతో ముగిసెడిది.

1938లో గృహలక్ష్మి, ఆపై వాహినీవారి వందేమాతరము (1939), సుమంగళి (1940), దేవత (1941) వచ్చినవి. బి.ఎన్. రెడ్డి నడపిన ఈ సాంఘికచిత్రములలో ఆచార్యులు వాడుకభాషకు దగ్గరైన సంభాషణలను వ్రాసిరి. గ్రాంథికమున పుట్టిపెరిగిన కలమునకు అది తేలికైన పని కాదు. పాత్ర మాటాడవలెను గాని రచయిత మాటాడరాదు అను నియమమును వారు ఈ దశలోనే సాధించినట్లు కనబడును. ఈ సాంఘికచిత్రములు నేర్పిన సంయమము లేకున్న తరువాతి పౌరాణికచిత్రములు అంత చక్కగా రూపొందెడివి కావేమో.

కె.వి. రెడ్డి తొలిసారి దర్శకత్వము వహించిన భక్తపోతన 1942వ సంవత్సరమున తయారైనది. కవి జీవితము కథావస్తువైనపుడు రచయిత కొక చిక్కు కలదు. కవి చేయు ముఖ్యక్రియ వ్రాయుట. వ్రాయుట దృశ్యము కాదు. పోతన జీవితమునుగూర్చి లోకమున ప్రచారములో నున్నవి కొన్ని ఐతిహ్యములు మాత్రమే. శ్రీనాథునితో బంధుత్వము, నరాంకితమును నిరాకరించుట, హలము పట్టి జీవించుట మున్నగునవి. వీని చారిత్రకత సందిగ్ధమని పరిశోధకులు చెప్పుదురు. కాని చిత్రమునకు కావలసినది చరిత్ర కాదు, సంఘర్షణము. రాజాశ్రయమునకును భగవదాశ్రయమునకును గల విరోధమును శ్రీనాథ పోతనలను ఇరువురు బంధువులలో మూర్తీభవింపజేయుటచే కథకు నాటకీయత సిద్ధించినది. నాగయ్య పోతనగా నటించి పాడిన పద్యములు ఊరూర మారుమ్రోగినవి. త్యాగయ్య (1946), యోగివేమన (1947) చిత్రములలోను ఆచార్యులు ఇదే చిక్కును ఎదుర్కొనిరి. వాగ్గేయకారుని కథలో కీర్తనయే సంఘటనము. కీర్తనకు ముందు ఏ కష్టము, తరువాత ఏ ఊరట అని నిర్ణయించినచో కథ తానే నడచును.

ఈ మధ్యకాలమున వారు చేసిన మరియొక మేలును చెప్పక విడువరాదు. ఘంటసాల వేంకటేశ్వరరావు అత్తవారి ఊరు పెదపులివఱ్ఱు. ఆ యువకుని కంఠమును అక్కడ విన్న ఆచార్యులు మద్రాసున ఆయనకు ప్రవేశము కలుగుటకు తోడ్పడిరి. తరువాతి కాలమున ఆచార్యుల పద్యములకు ఆ కంఠమే శాశ్వతరూపము నిచ్చినది.

డి.ఎల్. నారాయణ, వేదాంతం రాఘవయ్య, సి.ఆర్. సుబ్బరామన్‌లతో గూడి ఆచార్యులు వినోదా సంస్థలో భాగస్వాములైరి. ఆ సంస్థ 1953లో నిర్మించిన దేవదాసు అనుసరణవిద్యకు పరీక్షాస్థానము. శరచ్చంద్రుని నవల 1917లో గ్రంథరూపమున వెలువడినది. అప్పటికే వంగ, హిందీ భాషలలో చిత్రములు వచ్చియుండెను. శరత్సాహిత్యమును తెనిగించిన చక్రపాణి కథాచర్చలలో సహకరించిరి. దర్శకుడు వేదాంతం రాఘవయ్య. కనుక చిత్రకథలోని ప్రతి మార్పును ఆచార్యులకే ఆపాదించుట న్యాయము కాదు. చలనచిత్రము సమష్టికృతి. సంభాషణలు మాత్రము వారివి.

ఆ నవల మన లాక్షణికులు చూచియుండినచో తలపట్టుకొనెడివారు. నాయకుడు ధీరోదాత్తుడు కాడు, ధీరలలితుడు కాడు. నిర్ణయము తీసికొనవలసిన ఘడియలో తీసికొనలేనివాడు. చివర మరణించును. ఆధికారికనాయకుని వధ నాటకమున సూచ్యముగా సైతము చూపరాదని దశరూపక నియమము. ఇట్టి కథలో రసమేది? విప్రలంభము కరుణముగా పరిణమించుట యనవలెను. ఆ పరిణామమునకు నవలాకారుడు వాడిన సాధనము తన కంఠము. కథ చివర శరచ్చంద్రుడు తానే పాఠకుని ఎదుటికి వచ్చి, దేవదాసువంటి అభాగ్యునికొరకు ఒక కన్నీటిచుక్క విడువుమని వేడుకొనును. తెరమీద ఆ కంఠము లేదు. కథకుడు అదృశ్యుడు. మరి ఆ జాలిని ఎవరు పలుకవలెను?

తెలుగు చిత్రము దీనికి పాటను ఉపాయముగా చేసికొన్నది. మద్యముచే శిథిలుడైన నాయకుని నోట జగన్మిథ్యాత్వమును చెప్పు పాటను ఉంచుట మొదట విపరీతముగా తోచును. వేదాంతము త్రాగుబోతు నోటనా యని శ్రోత్రియులు ముక్కు విరిచిరి. కాని ఆ వైపరీత్యమునందే ధ్వని కలదు. ఆతడు చెప్పునది తత్త్వము కాదు, తత్త్వమువలె వినబడు నిర్వేదము. వైరాగ్యము శమమునకు దారితీయక ఆత్మనాశమునకు దారితీయుట ఆ పాట వ్యంగ్యము. నవలాకారుడు వ్యాఖ్యానముగా చెప్పినదానిని చిత్రము పాత్రగతమైన సంచారిభావముగా మార్చినది. శ్రవ్యమును దృశ్యముగా మార్చుట యన నిదియే.

మరియొక మార్పు. నవలలో పార్వతి సంబంధమును దేవదాసు తండ్రి నిరాకరించుటకు కారణము ఆ కుటుంబమున కన్యకలకు వెల పుచ్చుకొను ఆచారము, ఇరుగుపొరుగువారగుట. తెలుగు చిత్రము అంతస్తుల భేదమునకే ప్రాధాన్యమిచ్చెను. గురజాడ నాటకమును ఎరిగిన తెలుగువారికి కన్యాశుల్కము కొత్త కాదు గదా, దానిని ఎందుకు నిలుపరాదు అని అడుగవచ్చును. నిలిపినచో కథ సంస్కరణవస్తువు వైపు ఒరిగెడిది, ప్రేక్షకుని కోపము ఆచారముపై పడెడిది. చిత్రమునకు కావలసినది దేవదాసు దౌర్బల్యముపై జాలి. విడిచినది రసమునకు విరుద్ధము గనుక విడిచిరి. ఈ విషయమున చిత్రము ఆనందవర్ధనుని మార్గముననే నడచినది. అయినను వంగదేశపు గ్రామజీవితపు గాలి కొంత తెలుగు చిత్రమున లోపించినదనుట సత్యము.

ఈ చిత్రపు పాటలనుగూర్చి ఒక వివాదము కలదు. దానిని దాటవేయుట పరిశోధకధర్మము కాదు. చిత్రమున గీతరచయితగా ఆచార్యుల పేరే కనబడును. కాని ఆనాడు మద్రాసున ఆచార్యుల సన్నిహితవర్గములోనుండి రచనలో సహకరించుచుండిన మల్లాది రామకృష్ణశాస్త్రి వీనిలో కొన్నిటిని వ్రాసిరని సాహిత్యలోకమున గట్టిగా ప్రచారములో నున్నది. శాస్త్రి మహాకథకుడు, బహుభాషావేత్త. పదముల పోహళింపును చూచి ఇది మల్లాది బాణీయని చెప్పువారు కలరు. మరికొందరు శైలి ఒక్కటియే ప్రమాణము కాజాలదందురు. ఇరువురును ఒకే సంప్రదాయమున పెరిగినవారు, ఒకే గదిలో కూర్చుండి పనిచేసినవారు. అట్టివారి వాక్యములు ఒకదానికొకటి పోలియుండుట సహజము. శాస్త్రి తన జీవితకాలమున తన హక్కును ఎలుగెత్తి చాటిన జాడ లేదు. ఆ మౌనము స్నేహమో, ఔదాసీన్యమో, అవసరమో నిర్ణయింపరాదు. ప్రాచీనకావ్యముల కర్తృత్వమును తేల్చుటకు తాళపత్రప్రతులు, ఉదాహరణగ్రంథములు ఉన్నవి. నిన్నటి చలనచిత్రగీతముల వ్రాతప్రతులను భద్రపరచినవారు లేరు. అర్ధశతాబ్దికే ఇట్టి స్థితి రాగా, శ్రీనాథుని నాటి వివాదములకు ఆశ్చర్యపడనేల?

1954లో భరణీవారు నిర్మించిన విప్రనారాయణ ఆచార్యులకు ఇంటికథ వంటిది. తొండరడిప్పొడి యాళ్వారు చరిత్రము శ్రీవైష్ణవకుటుంబములలో ఉగ్గుపాలతో వచ్చునది. తెలుగున సారంగు తమ్మయ వైజయంతీవిలాసము దీనినే ప్రబంధముగా మలచినది. ప్రబంధకవికి దేవదేవి సౌందర్యవర్ణనము, విరహవర్ణనము ముఖ్యములు. చిత్రమున వర్ణనము చేయుపని నటియొక్క ముఖమునకును కెమెరాకును పోవును. అందుచే రచయితకు మిగులునది సంభాషణలోని మెలకువ. వేశ్య పన్నిన పందెము నెమ్మదిగా ఆమె హృదయమునే పట్టుకొనుట, భక్తుడు జారిన తీరు హాస్యమునకు పాలుగాకుండుట, ఈ రెండింటిని ఆచార్యులు మాటల తూకముతో సాధించిరి. ఆళ్వారును తేలిక చేసినచో భక్తులకు కోపము. పతనమును చూపనిచో కథయే లేదు. ఆ నడిమి సన్నని దారిలో నడచుటకు సంప్రదాయమున పుట్టిన రచయితయే కావలెను.

భూకైలాస్ (1958) గోకర్ణక్షేత్రకథ. కన్నడదేశమున నాటకముగా ప్రసిద్ధికెక్కి, 1940లో ఒకసారి తెలుగు చిత్రముగా వచ్చి, మరల ఏ.వి.యం. సంస్థచే నిర్మింపబడినది. ఇందు రావణుడు ప్రతినాయకుడు కాడు, మోసపోయిన భక్తుడు. కాని ప్రేక్షకునకు రామాయణము తెలియును, రావణుని అంతము తెలియును. ఆ తెలిసిన అంతమును మరపించుట అసాధ్యము. ఆచార్యులు మరపింప యత్నింపలేదు. నారదుని పాటలో భావికథనంతయు సూచించి, దానిని కథకు నీడగా నిలిపిరి. నాటకశాస్త్రమున విష్కంభ ప్రవేశకములు గడచినదానిని, రానున్నదానిని సంక్షేపముగా తెలుపును. చలనచిత్రమున ఆ పనిని పాట చేసినది. సీతారామకల్యాణము (1961) ఇదే మార్గమున మరికొంత ముందుకు సాగినది. అందును రావణునకే ప్రాధాన్యము, కథ మాత్రము కల్యాణముతో ముగియును. కథాప్రవాహమును మధ్యలో ఆపి రసమును మార్చుట ప్రబంధవక్రతలో ఒక భేదమని కుంతకుడు చెప్పియున్నాడు. ఆ చిత్రమునకు వారు వ్రాసిన కల్యాణగీతము శ్రీరామనవమి పందిళ్లలో, పెండ్లిండ్లలో పాడబడుచు, కర్త పేరు తెలియనివారి నోళ్లలో సైతము నిలిచినది.

ఆచార్యుల సంభాషణరచనకు పరాకాష్ఠ నర్తనశాల. 1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వెలువడినది. తిక్కన విరాటపర్వము ఐదాశ్వాసములు. దానిని మూడుగంటలలో ఇముడ్చుట యన్నచో ఏమి విడువవలెనన్నదే ప్రథమప్రశ్న. చిత్రనామమే దానికి సమాధానము. నర్తనశాల పగలు బృహన్నల ఉత్తరకు నాట్యము నేర్పు తావు, రాత్రి కీచకుడు మడియు తావు. శృంగారాభాసము, వీరము, బీభత్సము ఒకే గోడలనడుమ సంఘటిల్లును. ఈ స్థలైక్యము భారతముననే కలదు. కాని గ్రంథమున అది ఒక వివరము, చిత్రమున అది కేంద్రము. అరణ్యపర్వకథకు చెందిన ఊర్వశీశాపమును ముందునకు తెచ్చి కథారంభమున దృశ్యముగా నిలుపుటచే బృహన్నలరూపమునకు కారణము ప్రేక్షకుని కన్నులకు కట్టినది. విరాటపర్వమున ఒక గుర్తుగా వచ్చు విషయము చిత్రమున బీజముగా మారినది.

అజ్ఞాతవాసకథకు ఒక విశేషము కలదు. పాండవులెవరో ప్రేక్షకుడు ఎరుగును, విరాటుడు ఎరుగడు. భార్యాభర్తలు ఒకే కొలువులో పరాయివారివలె మాటాడుకొనవలెను. ప్రతి మాటకును పైకి ఒక యర్థము, లోపల మరియొక యర్థము ఉండవలెను. లాక్షణికులు పతాకాస్థానమని దేనిని పేర్కొనిరో అది ఇచట అడుగడుగున సంభవించును. ఆచార్యుల శ్లేష ప్రదర్శనముకొరకు కాదు, పాత్రల ప్రాణరక్షణకొరకు. అందుచే అది ప్రేక్షకునకు భారము కాలేదు. కీచకుని మాటలలో దీర్ఘసమాసములు ఆతని మదమునకు తగినట్లు దొరలును. సైరంధ్రి మాటలు పొట్టివి, అదుపులోనున్నవి. రంగారావు ధరించిన కీచకుడు వట్టి కాముకుడు కాడు, రాజ్యమును మోయు బలశాలి. ప్రతినాయకుడు ఉన్నతుడైనకొలది ద్రౌపది భయమునకు బలము వచ్చునని రచయిత ఎరిగెను. రేలంగి ఉత్తరకుమారునిగా పండించిన హాస్యము తిక్కననాటనుండి వచ్చుచున్నదే. తిక్కన పద్యములు గోగ్రహణఘట్టమున యథాతథముగా నిలిచినవి. ఆచార్యులు వానికి పోటీగా తమ పద్యములను పెట్టలేదు. ఇది చిన్న విషయము కాదు. స్వయముగా పద్యము వ్రాయగలవాడు పూర్వకవికి చోటు విడుచుట అరుదు. 1964లో జకార్తానగరమున జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున రంగారావు నటనకును, టి.వి.యస్. శర్మ కళాదర్శకత్వమునకును బహుమతులు వచ్చినవి. రచనకు అట్టి గుర్తింపు రాకపోవుట విచారింపదగినదే.

ఆచార్యులు దర్శకత్వమును కూడ చేపట్టిరి. వినాయకచవితి (1957) శ్యమంతకోపాఖ్యానము. భక్త రఘునాథ్ 1960లో వచ్చినది. బభ్రువాహన (1964) జైమినిభారతమున ప్రసిద్ధమైన పితాపుత్రసంగ్రామకథ. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని తెనుగుసేతచే తెలుగువారికి చిరపరిచితము. ఈ చిత్రములందు మాట చక్కగా నున్నది, దృశ్యము మాటకు సేవకుడై నిలిచినది. రచయితయే దర్శకుడైనపుడు తన వాక్యమును తానే కత్తిరించుట కష్టము. ఇతరుల దర్శకత్వమున వారికి లభించిన బిగువు స్వీయదర్శకత్వమున కొంత సడలినదని చెప్పక తప్పదు.

1965లో పాండవవనవాసము వచ్చినది. 1968వ సంవత్సరము మార్చి 16న ఆచార్యులు పరమపదించిరి. కుమారులు రామానుజాచార్యులు తండ్రి జీవించియుండగనే చిత్రరచనలో ప్రవేశించి ప్రసిద్ధులైరి. తండ్రిని సముద్రాల సీనియర్ అనియు, కుమారుని సముద్రాల జూనియర్ అనియు వ్యవహరించుట అప్పటినుండి యేర్పడినది. జూనియర్ 1985లో గతించిరి. ఇరువురి యింటిపేరు, వృత్తి, అభిమానవిషయములు ఒక్కటే యగుటచే పాటల పుస్తకములలోను గ్రామఫోను పట్టికలలోను తారుమారులు కలవు. జయసింహ (1955), పాండురంగమాహాత్మ్యము (1957), శ్రీకృష్ణపాండవీయము (1966) కుమారుని రచనలు. వీనిని తండ్రికి ఆపాదించుచు వ్రాసిన వ్యాసములు కనబడుచున్నవి. సముద్రాలవారి కృతులపై పరిశోధింపబూనువారు చిత్రముల ఆరంభమున చూపు నామపట్టికలను ప్రత్యక్షముగా చూచి, ఆపై గ్రంథములతో సరిపోల్చుకొనుట మేలు.